కుడి పేజీల్లోని లంక

గోదావరి నడుమ ఒకప్పుడు ఉండిన ఒక లంక గ్రామపు పొలాల పేర్లు పదకొండు, స్కాట్లండ్‌లోని ఒక పల్లెటూరి పారిష్ చరిత్రలో, అక్కడి పొలాల పేర్లే అన్నట్టుగా అచ్చయ్యాయి. ఆ పేర్లు రాసి ఉంచిన మనిషి పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆమె తన చేత్తో నింపిన తొమ్మిది నోటు పుస్తకాలను ఆమెకు చెప్పకుండా పంపేశారు. తిరిగి ఇమ్మంటే అవి ఆమెవి కావన్నారు. ఇందులో ఊహకు చోటు లేదు. అచ్చయిన పుస్తకం ఉంది, నడిచిన ఉత్తరాలన్నీ ఉన్నాయి, వాటి మీద తేదీలున్నాయి.

ఆమె పేరు గుబ్బల నాగమల్లేశ్వరి. కోనసీమలో చింతాలవారి లంకలో పుట్టింది, ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆమె చదివిన బడీ ఇప్పుడు లేదు, ఆ లంకా లేదు. ఏడాదికొక చేను, రెండేళ్లకొక వీధి చొప్పున కోసుకుంటూ వచ్చి, ఆమెకు ఇరవై నాలుగేళ్లు నిండేసరికి గోదావరి ఊరంతటినీ పొట్టన పెట్టుకుంది. ఊరివాళ్లు ఏటిగట్టు అవతల కాలనీలో తలదాచుకున్నారు. భర్త పోయిన మరుసటి ఏడు ఆమె బహ్రెయిన్ వచ్చి ఇళ్లలో పనికి కుదిరింది.

2021 ఫిబ్రవరిలో అరాద్‌లో, కోటకు కూతవేటు దూరంలో ఒక మేడింట చేరింది. ఇంటి యజమాని ఇయన్ మక్‌ఫేల్ విమానాశ్రయంలో ఇంజనీరు. ఆమె చూసుకోవలసింది అతని తండ్రి డంకన్ మక్‌ఫేల్‌ను. పెద్దాయనకు అప్పటికి ఎనభై ఆరేళ్లు. నడక బాగానే ఉంది గాని చూపు దాదాపు పోయింది. ఎదురుగా మనిషి నిలబడితే వెలుగు మీద ఒక మసకలా తోస్తుందట, అంతే.

చేరిన రోజు ఉదయం ఇయన్ ఆమెకు పనులు అప్పజెబుతున్నాడు. మందులు ఏ వేళకు ఇవ్వాలో, స్నానానికి నీళ్లు ఎంత వేడిగా ఉండాలో చెబుతూ ఉంటే, ఆమె ప్రతి మాటకూ అలవాటు చొప్పున "ఆయ్" అంటూ వచ్చింది. కోనసీమ మనిషికి పెద్దల మాటకు ఆయ్ అనడం ఊపిరి తీసినంత సహజం. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన తల ఇటు తిప్పాడు.

"ఎవరది, ఆయ్ అన్నది?"

"కొత్తగా చేరిన ఆవిడ, నాన్నా."

"ఏ ఊరు ఆవిడది? అబర్డీన్ వైపా?"

ఇయన్ నవ్వాడు. "ఇండియా."

"మళ్లీ అనమను."

నాగమల్లేశ్వరికి ఏమీ పాలుపోలేదు. తప్పు మాటేదో దొర్లిందనుకుంది. "ఏటనమంటారండీ?" అని ఇయన్ వైపు చూసి, మళ్లీ భయంగా, "ఆయ్," అంది.

పెద్దాయన ముఖం వెలిగింది. ఆయన పుట్టిన స్కాట్లండ్ పల్లెల్లో కూడా అవుననడానికి ఆ మాటే ఉందని, పలుకు కూడా అచ్చం అదేనని ఆమెకు తరవాత తెలిసింది. "ఇరవై ఏళ్లయింది నాతో ఎవరైనా ఆ మాట అని," అన్నాడు ఆయన. "వీడు యెస్ అంటాడు. వీడి పిల్లలు యా అంటారు. ఈ ఇంట్లో ఇకనైనా ఒక నాగరికురాలు ఉంటుంది."

వాళ్లిద్దరి మధ్య సాగిన మాటలను ఇక్కడ తెలుగులో చెప్పక తప్పదు. ఆమె ఇంగ్లిష్‌లో పాతికపాళ్లు అరబ్బీ, పాతికపాళ్లు హిందీ. ఆయన ఇంగ్లిష్ సొంత కొడుక్కే సగం అర్థం కాదు. అయినా వారం తిరిగేసరికి ఒకరి మాట ఒకరికి తెలిసిపోయేది. బహ్రెయిన్‌లో ఇంటి పెద్దను పనివాళ్లు పిలిచినట్టే ఆమె ఆయన్ను బాబా అంది. ఆయన ఆమె పేరులోని తోకా తలా తీసేసి మల్లీ అన్నాడు.

ఆ ఏప్రిల్‌లో ఆయనకు స్వదేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది కిల్‌ఫెర్నఖ్ పారిష్ చరిత్ర సంఘం. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే పల్లెల గుంపు. మన ఫిర్కా వంటిది. తమ పారిష్ భూగోళాన్ని, ప్రాచీన కట్టడాలను ఒక పుస్తకంగా తేదలిచామని, ఎగువ భాగంలోని పొలాల పేర్లు తెలిసిన మనుషులలో మీరొక్కరే మిగిలారని, దయచేసి జ్ఞాపకం ఉన్నదంతా పంపమని అందులో ఉంది. ఇయన్ తండ్రికి ఫోను ఇచ్చి, దీంట్లో మాట్లాడండి, అదే రికార్డు చేసుకుంటుంది అన్నాడు. పెద్దాయన రెండు రోజులు ప్రయత్నించి ఫోను పక్కన పడేశాడు.

"యంత్రానికి నేను చెప్పలేను," అన్నాడు. "అది తల ఊపదు. మల్లీ, నువ్వు రాయి."

"నాకు ఇంగ్లీషు రాయడం రాదు బాబా. తెలుగే వచ్చండి."

"నీ అక్షరాలకు చెవులున్నాయా?"

"ఎలా ఇంటే అలాగే రాత్తాయండి."

"మా అక్షరాలకు ఆ గుణం లేదు. ఒకటి రాస్తాం, ఇంకొకటి పలుకుతాం. నీ అక్షరాలే మేలు."

అలా మొదలైంది. పగటి భోజనం అయ్యాక, ఇయన్ డ్యూటీలో, పిల్లలు బడిలో ఉండగా, పరదాలు సగం దించిన ఆ గదిలో, ఏసీ రొద కింద, రోజుకు రెండు గంటలు. ఆయన కళ్లు మూసుకుని నడిచేవాడు. కూర్చున్నచోటే నడిచేవాడు. "ఇప్పుడు వంతెన దాటాం. ఎడమ చేతి పక్క ఏముంది చెప్పు? నువ్వు చెప్పలేవులే. సూటర్స్ క్రాఫ్ట్. చెప్పులు కుట్టేవాడి చెలక. దాని పైన గౌక్ స్టేన్, కోకిల రాయి. ఏటా కోకిల మొట్టమొదట ఆ రాయి మీదే వాలి కూస్తుందని మా అమ్మ చెప్పేది." ఆమె రాసుకుపోయేది. ఆయన ఏ ముక్క ఎలా సాగదీసి పలికితే అలాగే గుడిదీర్ఘమో, ఏత్వమో, ఓత్వమో పెట్టేది. తరవాత చదివి వినిపిస్తే ఆయన ఉలిక్కిపడేవాడు; తన గొంతే గోడవతల నుంచి తిరిగి వచ్చినట్టు ఉండేదట.

ఒక్క శబ్దం దగ్గర ఆమె కలం ఆగింది. వాళ్ల భాషలో చెరువును లోఖ్ అంటారు. ఆ చివరి శబ్దం మన ఖ కాదు, గొంతు లోపల గరుకుగా రాసుకుని వస్తుంది. ఇయన్‌కు అది పలకనే పలకదు. లాక్ అంటాడు, తాళానికి చెప్పినట్టు. తెలుగులో దానికి అక్షరం లేదు, కాని ఆమె చెవిలో అది ఉంది. ఏళ్ల తరబడి రోజుకు వందసార్లు "ఖలాస్" విన్న చెవి. ఆ ఖలాస్‌లో మొదట వచ్చే శబ్దమే చెరువు చివర ఉందని పట్టుకుని, ఖ కింద ఒక చుక్క పెట్టి రాసింది. చదివి వినిపించినప్పుడు పెద్దాయన కుర్చీ చేతిని చరిచి, "నా మనవలు నలుగురికీ చేతకాలేదు!" అన్నాడు.

నెలలు గడిచే కొద్దీ ఆ పారిష్ ఆమె కళ్లకు కట్టింది. ఉత్తరాన గడ్డి తప్ప మరేమీ మొలవని కొండ. దాని నడుము మీద, సున్నమన్నది లేకుండా రాయి మీద రాయి పేర్చిన గుండ్రని పాత కోట; ఎవరు కట్టారో, ఎవరికి భయపడి కట్టారో చెప్పేవాళ్లు లేరు. కిందికి దిగితే పైకప్పు లేని ప్రార్థనా మందిరం, దాని గోడల మధ్య గొర్రెలు. పక్కనే ఒక ఊటబావి. జబ్బు చేసినవాళ్లు గుడ్డపీలిక తడిపి ఆ పక్క చెట్టుకు కడతారు, పీలిక చివికిపోయేసరికి జబ్బు పోతుందని నమ్మకం.

"మావోళ్లూ కడతారండి గుడ్డపీలికలు," అంది ఆమె.

"ఏ రోగానికి?"

"పిల్లలు పుట్టాలని కడతారండి."

"మేము వదిలించుకోవడానికి, మీరు తెచ్చుకోవడానికి," అన్నాడు పెద్దాయన, చాలా గంభీరంగా.

ఇది జరిగిన మరుసటి వారమే కాబోలు, ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "నువ్వు పుట్టిన ఇంటి వెనక చేను పేరేమిటి?"

"కాకుల దిబ్బండి. ఇప్పుడు లేదండి."

"అమ్మేశారా?"

"గోదారి పట్టుకుపోయిందండి. చేనూ, ఇల్లూ, ఊరూ. మొత్తం ఖలాస్ అండి."

ఆయన కిటికీ వైపు ముఖం తిప్పాడు. అరాద్ కోట అవతల సముద్రం ఆటుకు వెనక్కి తగ్గి, బురద నేల మైలు దూరం బయటపడి మెరుస్తున్న వేళ అది. ఆ నేల మీద కొంగలు ఒక్కొక్క అడుగే కొలుచుకుంటూ నడుస్తున్నాయి. అదంతా ఆయనకు కనబడదు. ఆమెకు కనబడుతోంది, కాని ఆమె చూస్తున్నది దాన్ని కాదు.

"పేర్లు ఏమయ్యాయి?" అన్నాడు ఆయన.

"పేర్లు మాకాడే ఉన్నాయండి. కొన్ని నాకు, కొన్ని మా మేనత్తకి."

"అయితే ఇక నుంచి ఎడమ పేజీ నాది, కుడి పేజీ నీది. నా పొలం ఒకటి అయ్యాక నీ పొలం ఒకటి. నేను ఒక్కణ్నే నడిస్తే అలసట."

ఆ రోజు నుంచి ఆమె రాతకు రెండు వైపులు వచ్చాయి. ఎడమ పేజీలో ఆయన, "ఆయ్, ఆ గట్టు దాటితే డీడ్ వైఫ్స్ రిగ్, చచ్చిపోయినావిడ సాలు," అంటాడు. కుడి పేజీలో ఆమె, "ఆయ్, కాకుల దిబ్బ దాటితే అత్తాకోడళ్ల గట్టండి," అని రాసుకుంటుంది. ఆయన నోట ఆయ్ లేకుండా మాట మొదలవదు, ఆమె నోటా అంతే. ఇద్దరి ఆయ్‌లూ ఒకే అక్షరాలతో, ఒకే చేతిరాతతో, ఎదురెదురు పేజీల మీద పడ్డాయి.

తనకు తెలియనివాటి కోసం ఆమె శుక్రవారం శుక్రవారం కాలనీకి ఫోను చేసేది. అక్కడ మేనత్త సుబ్బాయమ్మ ఉండేది. లంకలో ప్రతి చేనులోనూ కలుపు తీసిన మనిషి.

"పాలేటి పుంతకి పడమటేపు ఏంటి అత్తా?"

"ఒసేయ్, నీకేం పనిలేదా అక్కడ? నీళ్లలో కలిసిపోయిన చేలకి నువ్వేమన్నా కౌలు కడతావేంటే?"

"మా పెద్దాయన అడుగుతున్నాడే."

"దొరగారికి మన పుంతలెందుకే! బొబ్బర్ల చేను. దాని దిగువ మంగలి మెరక. మెరక్కీ గుడ్డి పాయకీ మజ్జిన మీ తాత చెక్క, ముప్పాతిక ఎకరం. రాసుకున్నావా? సరిగ్గా రాయి. పైది కిందా, కిందది పైనా పెట్టేవు."

ఏడాది దాటేసరికి అలా ఎనభై ఏడు పేర్లు పోగయ్యాయి. ఎగువ నుంచి దిగువకు, తూర్పు నుంచి పడమరకు, ఏది దేని పక్కదో, ఏ గట్టు ఎవరి గట్టో, అంతా వరసలో. ప్రతి పేరు కిందా ఆమె ఒక గీత గీసింది. మధ్యాహ్నపు ఆ రెండు గంటలు కాస్తా అటు పక్కకూ ఇటు పక్కకూ పాకి రోజంతటినీ నింపేశాయి. చొక్కాలకు ఇస్త్రీ చేస్తూ ఆమె కొండ మీది కోటకు ఎక్కి వచ్చేది. చేపలు కడుగుతూ తన లంకలోని పిల్లల రేవులో దిగేది. ఒకసారి, పెద్దాయన కునుకు తీస్తుంటే తానూ గోడకు చేరబడి కన్ను మూసింది. పాలేటి పుంత వెంట నడుస్తోంది. కాళ్ల కింద చల్లని ఒండ్రు. మంచు దిగి ఉంది, గోదావరి మంచో, ఆయన చెప్పే కొండల మంచో తెలియదు. పుంత చివర రేవు ఉండాల్సిన చోట ఒక నిలువు రాయి ఉంది. దాని మీద కోకిల లేదు గాని, పక్కన పెద్దాయన నిలబడి ఉన్నాడు, రెండు కళ్లతోనూ నిండుగా చూస్తూ. ఇదేనా బాబా మన హద్దు అని ఆమె అడిగింది. ఆయన ఏదో చెప్పబోయాడు. విమానం లేచిన చప్పుడుకు మెలకువ వచ్చింది.

కల సంగతి చెబితే పెద్దాయన తల పంకించి, "నేనూ అక్కడే ఉన్నాను. నీ ఊరి బురద నా బూట్లలోకి పోయింది," అన్నాడు.

2022 నవంబరులో, మూడు రోజుల జ్వరంతో ఆయన పోయాడు. ఆ డిసెంబరులోనే సుబ్బాయమ్మ పోయిందని కబురు వచ్చింది. నాగమల్లేశ్వరి సెలవు తీసుకుని ఊరికి వెళ్లింది. తొమ్మిది నోటు పుస్తకాలు పెద్దాయన గదిలో అలమరాలో ఉండేవి, అక్కడే ఉంచింది. వాటికి అంతకంటే భద్రమైన చోటు తోచలేదు. జనవరిలో తిరిగి వచ్చేసరికి గది గోడలకు కొత్త రంగు వేస్తున్నారు.

"నాన్న కాగితాలన్నీ చరిత్ర సంఘానికి పంపించాను," అన్నాడు ఇయన్. "వాళ్లు చాలా సంతోషించారు. అట్ట మీద ‘నాన్న చెప్పిన పొలాల పేర్లు’ అని నేనే రాసి పెట్టాను."

"సర్, కుడేపు పేజీలు నావండి. మా ఊరివండి."

"ఏవి ఏవో వాళ్లు చూసుకుంటారులే."

అతను చెడ్డవాడు కాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. జీతం ఏనాడూ ఆపలేదు, ఒక్క పరుష మాట అనలేదు. తండ్రి ఆ గదిలో ఏడాదిన్నర ఏం చేశాడో ఒక్కనాడూ వచ్చి వినలేదు, అంతే. ఆ మార్చిలో అతను మరో దేశానికి బదిలీ అయిపోయాడు. ఆమె తుబ్లీలో ఇంకొక ఇంట చేరింది.

2024 అక్టోబరులో ఇయన్ నుంచి తుబ్లీ ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. దళసరి అట్ట పుస్తకం, అట్ట మీద ఆ కొండ, దాని నడుము మీద గుండ్రని కోట. లోపల చీటీ: నీ దగ్గర ఒక ప్రతి ఉంటే నాన్న సంతోషించేవారు. నాగమల్లేశ్వరి కొండను చూడగానే గుర్తుపట్టింది. అక్షరాలు చదవలేకపోయినా పేజీలు తిప్పుతూ, ఇది మందిరం, ఇది బావి, ఇదిగో రాయి అనుకుంటూ, ఆ వారమంతా ఆ పుస్తకాన్ని తలగడ పక్కన పెట్టుకుంది.

శుక్రవారం గుదైబియాకు తీసుకువెళ్లింది. అక్కడ దేవన్న లాండ్రీ దుకాణం ఉంది. జగిత్యాల వైపు మనిషి, నోటికి అడ్డూ అదుపూ లేదు. సెలవు రోజున తెలుగువాళ్లు నలుగురు అక్కడ చేరతారు. లక్ష్మిప్రసన్న కూడా వచ్చింది. ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది, కాకినాడ పిల్ల, ఇంగ్లిష్ గలగలా చదువుతుంది.

"చదవవే, మా పెద్దాయన ఊరు," అంది నాగమల్లేశ్వరి గర్వంగా.

లక్ష్మిప్రసన్న చివర్లో ఉన్న పొలాల పేర్ల పట్టిక తెరిచింది. అక్షరక్రమంలో ఉంది. "ఏ తో మొదలక్కా. ఆల్డ్ యార్డ్. ఆర్న్ బ్యాంక్. తరవాత... అట్టకోడల్ల గట్టు."

ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది.

"మల్లా సదువు," అన్నాడు దేవన్న.

"అట్టకోడల్ల గట్టు. ఇది అత్తాకోడళ్ల గట్టు కదక్కా? ఇక్కడ రాశారు, ఈ పొలం ఎక్కడుందో ఇప్పుడు తెలియడం లేదు అని. బి లో చూడండి. బెయిలీస్ పార్క్, బొబ్బర్ల చేను, బ్రే హీడ్." నవ్వు ఆపుకోలేక ఆమె పుస్తకం మూసి మళ్లీ తెరిచింది. "కాకుల దిబ్బ! దీనికి కింద వివరణ కూడా ఉందక్కా. ఇందులోని దిబ్బ అన్న మాట వాళ్ల పాత భాషలో నల్లనిది అనే మాట నుంచి వచ్చి ఉంటుందంట."

"కాకులు నల్లగనే ఉంటయి గద, సరిపాయె!" అన్నాడు దేవన్న. "గోదారి మీ ఊరిని సముద్రంల కలిపిందనుకున్న. ఇంగ్లండు దాక కొట్టుకపోయి ఒడ్డుకు చేరిందన్న సంగతి నాకెర్కలేదు. మస్తు ఈతొచ్చినట్టుంది మీ ఊరికి!"

అందరూ నవ్వారు. నాగమల్లేశ్వరి కూడా ముందు నవ్వింది. తరవాత, "అత్తాకోడళ్ల గట్టు పక్కన ఏముందని రాశారు?" అంది.

"ఏం లేదక్కా. అక్షరక్రమం కదా. ఆర్న్ బ్యాంక్ ఉంది."

"అది కాదే. కాకుల దిబ్బ ఉండాలి. పక్కన కాకుల దిబ్బ ఉండాలి." ఆమె గొంతు మారింది. "నేను వరసలో రాశాను."

దేవన్న నవ్వు మానేసి స్టూలు జరిపాడు. "కూసో అక్కా."

ముందుమాట చదివితే జరిగిందంతా తెలిసింది. సంఘంవాళ్లు తెలుగు తెలిసినవాళ్లెవరినీ పిలవలేదు. ఒక లిపిని మరో లిపిలోకి మార్చే యంత్రానికి తొమ్మిది పుస్తకాలనూ ఒప్పగించారు. ఎడమ పేజీల ఇంగ్లిష్ ముక్కలు ఇంగ్లిష్‌గా తేలాయి. కుడి పేజీలలో, గీత గీసిన పేర్లలో పదకొండు మాత్రం పేర్లుగా పట్టుబడ్డాయి. మిగిలిన డెబ్భై ఆరూ, వాటి మధ్య ఉన్న హద్దుల వివరమూ, వృద్ధాప్యంలో తడబడిన మాటలని పక్కన పెట్టారు. అవి వేరొకరి మాటలు కావచ్చునన్న అనుమానం వాళ్లకు రాకపోలేదు. దాన్ని ఎలా తీర్చుకున్నారో సంపాదకుడే రాశాడు: "ఈ పుస్తకాలను ఆయన చివరి రోజుల్లో ఒక పనిమనిషి చేత రాయించారు. పరాయి లిపి ముసుగులోంచి కూడా, కుడి ఎడమల ప్రతి పేజీలోనూ, ఆయన ‘ఆయ్’ మనకు స్పష్టంగా వినిపిస్తుంది. ఇదంతా ఆయన నోటి మాటేననడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు."

కోనసీమ ఆడమనిషి మర్యాద మాటను పట్టుకుని, ఆమె ఊరిని ఆమెది కాకుండా చేశారు. వాళ్లు పండితులు. ఆ ఒక్క మాట మరొక భాషలో ఉండకూడదని ఎక్కడ చదివారో చెప్పలేదు.

ఈ పొరపాటు నవ్వుకుని వదిలేసేదే అయితే ఇంత రాయనక్కరలేదు. ఈ మధ్య వరసగా వచ్చిన వరదలకు గోదావరి ఒండ్రు తెచ్చి మేట వేసింది. చింతాలవారి లంక ఉన్న చోట నేల మళ్లీ పైకి తేలింది. మొదటి ఏడు ఇసుక, రెండో ఏడు రెల్లు, మొన్న వేసవికి అవతలి ఒడ్డు మోతుబరులు పశువులను దింపి, ఇది మా లంక పొడిగింపే అంటున్నారు. సర్వేకు వచ్చేవాళ్లు వచ్చే వేసవికి వస్తామన్నారు. మీ చేలు ఎక్కడెక్కడ ఉండేవో, ఏది దేని పక్కదో వరసగా చెప్పండి అని కాలనీవాళ్లను అడిగారు. చెప్పగలిగిన తరం పోయింది. ఆఖరున ఉన్నది సుబ్బాయమ్మ. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిన పుస్తకం ఉందని తెలిసి, కాలనీ నుంచి నాగమల్లేశ్వరికి ఫోన్ల మీద ఫోన్లు. అక్కడి పెద్ద భీమరాజు మాట ఇది: "అమ్మాయీ, పేర్లు మాకూ తెలుసులే. పేరు పక్కన పేరు తెలీదు. అదేదో నువ్వు రాసేవంట గదా, అది పంపిచ్చు."

ఆమె మనసులో కూర్చి చూసుకుంటుంది. తుబ్లీ ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తూ, ఎగువ నుంచి బయలుదేరుతుంది. పాలేటి పుంత, బొబ్బర్ల చేను, మంగలి మెరక, తాత చెక్క, గుడ్డి పాయ. అక్కడి దాకా కాళ్ల కింద నేల గట్టిగానే ఉంటుంది. పాయ దాటాక మంచు దిగుతుంది. రెండు అడుగులు వేసేసరికి పక్కన డీడ్ వైఫ్స్ రిగ్ తగులుతుంది, సూటర్స్ క్రాఫ్ట్ తగులుతుంది. రెండు నేలలనూ కలిపి నడిచిన మనిషి కదా, ఇప్పుడు విడదీయడం చేతకాదు. విడదీసి రాసినవి ఆ పుస్తకాలే. మళ్లీ వెనక్కి వచ్చి పుంత దగ్గర మొదలుపెడుతుంది. బట్టలు తడి ఆరిపోయేదాకా అలా నడుస్తూనే ఉంటుంది.

లక్ష్మిప్రసన్న చేత మూడు ఉత్తరాలు రాయించింది. మొదటిది 2024 నవంబరు 9న. సంఘం జవాబు డిసెంబరు 2న వచ్చింది: పుస్తకాలు ఇయన్ మక్‌ఫేల్ గారు సమర్పించినవి, వాటి మీద సంఘానికే హక్కు, మూడో మనిషి కోరిక మీద ఇవ్వడం కుదరదు. రెండో ఉత్తరంలో, పోనీ కుడి పేజీలకు ఫోటోలు తీసి పంపమని అడిగింది. కుడి పేజీలు మీవని రుజువేమిటని అడిగారు. ఇయన్‌కు రాస్తే, ఆ విషయం సంఘం చూసుకుంటుంది, నాకు తెలుగు రాదు కదా, అని మర్యాదగా జవాబిచ్చాడు.

రుజువు ఉంది. ఆమె చెప్పేవరకూ ఎవరికీ తెలియలేదు, ఎవరూ అడగలేదు గనక. తొమ్మిదో పుస్తకం మొదలుపెట్టిన రోజు పెద్దాయన అట్ట లోపలి వైపున ఆమె చేత రెండు వరసలు తెలుగులో రాయించి, వాటి కింద తడుముకుంటూ తన సంతకం పెట్టాడు. ఆ వరసలు ఇవి: "ఎడమ పక్క నాది, కిల్‌ఫెర్నఖ్. కుడి పక్క నాగమల్లేశ్వరిది, చింతాలవారి లంక." ఆ సంతకం మూడేళ్లుగా సంఘం బీరువాలోనే ఉంది. మూడో ఉత్తరంలో ఈ సంగతి రాసి, తెలుగు వచ్చినవారి చేత చదివించి చూడండని కోరింది. దానికి ఇంతవరకు జవాబు లేదు.

కిల్‌ఫెర్నఖ్ పారిష్ చరిత్ర సంఘంవారూ, ఒక చచ్చిపోయినావిడ సాలు పేరు నిలబెట్టడానికి ఎనభై ఆరేళ్ల గుడ్డివాణ్ని బతిమాలుకున్న మీకు, ఒక ఊరి పేర్ల విలువ వేరే చెప్పాలా? ఆ తొమ్మిదో పుస్తకం అట్ట తెరిచి చదివించండి. కుడి పేజీలన్నిటికీ, ఒక్కటి వదలకుండా, వరస తప్పకుండా నకళ్లు తీసి వచ్చే వేసవిలోపు చింతాలవారి లంక కాలనీకి పంపండి. అసలు పుస్తకాలు సగం ఆమెవి గనక, ఆమె ఎదుట కూర్చుని పంచుకోండి. మీ పట్టికలోంచి ఆ పదకొండు పేర్లూ తీసేయండి, పనిమనిషి అని రాసిన చోట గుబ్బల నాగమల్లేశ్వరి అని అచ్చు వేయండి. ఇయన్ మక్‌ఫేల్ గారూ, మీ నాన్నగారి సంతకం మీకు తెలియకుండా పోదు. అది ఆయనదేనని ఒక్క కాగితం మీద రాసి ఈ నెలలోనే ఇవ్వండి.